స్టాకు లెక్క గట్టిది, రేటు లెక్క ఇంకా పచ్చిది: మా హార్డ్‌వేర్ షాపులో వాడిన ప్లానింగ్ సర్వీసు గురించి

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాకు హార్డ్‌వేర్, ప్లంబింగ్, పెయింట్ల షాపు ఉంది. మామయ్యగారు పెట్టిన షాపు. ఇప్పుడు నేనూ మావారూ నడుపుతున్నాం. కౌంటరు, బాకీల వసూళ్ళు ఆయన చూసుకుంటారు. కొనుగోళ్ళు, గోడౌను నా బాధ్యత. పోయిన ఏడాది నుంచి విశాఖపట్నంలోని ఒక చిన్న బృందం దగ్గర స్టాకు ప్లానింగ్ సర్వీసు తీసుకున్నాం. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి అమ్మకాలు, కొనుగోళ్ళు తీసుకుని, ఏ సరుకు ఎప్పుడు ఎంత తెప్పించాలో లెక్కగట్టి వారానికోసారి జాబితా పంపిస్తారు. కావాలంటే ఏ రేటుకి అమ్మితే బాగుంటుందో కూడా చెబుతారు. మొదట ఒక్కసారి కట్టింది రూ. 15,000. తర్వాత నెలకి రూ. 2,500. వాళ్ళ పేరు రాయడం లేదు. ఇలాంటి సర్వీసులు ఇప్పుడు చాలా ఉన్నాయి, ఎవరి దగ్గర తీసుకున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి అన్నంతవరకు ఈ సర్వీసు బంగారం. గోడౌనులో సరుకు విలువ సుమారు ఐదో వంతు తగ్గింది, అయినా కౌంటర్లో "లేదండీ" అనే మాట కూడా తగ్గింది. ఈ రెండూ ఒకేసారి జరుగుతాయని నేను అనుకోలేదు. రేట్లు చెప్పే భాగాన్ని మాత్రం ఆపించేశాను. రెండింటికీ కారణాలు వివరంగా రాస్తాను, ఎందుకంటే మా జిల్లాలో చిన్న షాపుల వాళ్ళు చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు.

హార్డ్‌వేర్ షాపులో కష్టం అమ్మకంలో లేదు, రకాల్లో ఉంది. ఒక్క ఎల్బో (పైపు మలుపులో పెట్టే ముక్క) తీసుకోండి. అరంగుళం, ముప్పావు, అంగుళం, అంగుళంపావు. పీవీసీ, సీపీవీసీ, జీఐ. వాటిలో మళ్ళీ రెండు మూడు కంపెనీలు. పక్కనే పైపులు కలిపే టీలు, కప్లింగులు, ఎండ్ క్యాపులు. బాగా కదిలే సరుకు మామయ్యగారికి నోటికి వచ్చు. షెల్ఫు చూడకుండానే "ముప్పావు టీలు అయిపోవచ్చాయి, చెప్పు" అనేవారు. ఇబ్బందంతా మధ్యరకం సరుకుతోనే. వారానికి రెండు మూడు అమ్ముడయ్యేవి ఎవరి జ్ఞాపకంలోనూ ఉండవు. అవి అయిపోయాక తెలుస్తుంది, లేకపోతే భయపడి పెట్టె నిండా తెప్పిస్తే ఏళ్ళ తరబడి కూర్చుంటాయి. డెడ్ స్టాకు అంటే దుమ్ము పట్టిన డబ్బే కదా. మా ఊళ్ళో నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకుంటే లక్ష రూపాయల సరుకు ఊరికే కూర్చున్నందుకు ఏడాదికి రూ. 18,000 పోయినట్టే.

మొదటి నెలంతా పేర్లు సర్దడానికే సరిపోయింది. మా బిల్లింగులో ఒకే ఎల్బో నాలుగు పేర్లతో ఉంది, ఎవరు కౌంటర్లో ఉంటే వాళ్ళ అలవాటు ప్రకారం. వెనక్కి వచ్చిన సరుకుని కొన్నిచోట్ల తీసేశాం, కొన్నిచోట్ల కొత్త కొనుగోలుగా రాశాం. ఆ బృందంలోని అబ్బాయి షాపుకొచ్చి కౌంటరు పక్కన కూర్చుని, మా గుమాస్తాతో పాటు ఒక్కో షెల్ఫు చూసుకుంటూ పేర్లు కలిపాడు. "ఏటమ్మా, మేకులు కూడా నెక్కెట్టాలా?" అని గుమాస్తా అడిగితే, మేకులు కిలోల్లో చాలని, వాల్వులు, కొళాయిలు మాత్రం ఒక్కోటీ లెక్కపెట్టాలని ఆ అబ్బాయే ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపికకి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఫోన్లో అమ్మి, పాస్‌వర్డు ఇచ్చి ఊరుకునే సర్వీసులు ఉన్నాయి. పేర్లు సర్దకుండా వేసిన లెక్క ఎంత గొప్పదైనా పనికిరాదు.

లెక్క మొదలయ్యేది ఒక పాత సూత్రంతో. 1913లో ఫోర్డ్ విట్‌మన్ హ్యారిస్ అనే అమెరికన్ ఇంజినీరు రాసిన సూత్రం ఇది. ఒక్కసారి ఎక్కువ తెప్పిస్తే వడ్డీ భారం, కొంచెం కొంచెం తెప్పిస్తే ప్రతిసారీ రవాణా ఖర్చు. రెండూ కలిపి ఎక్కడ తక్కువ అవుతాయో చెబుతుంది. నేను బీఎస్సీ మ్యాథ్స్ చదివాను కాబట్టి సూత్రం చూపించమని అడిగాను, దాచకుండా చూపించారు. మా అరంగుళం బాల్ వాల్వు లెక్క ఇది. ఏడాదికి 1,200 అమ్ముడవుతాయి. మాకు పడే ధర రూ. 200. ఒక్కో ఆర్డరుకి ట్రాన్స్‌పోర్టు, హమాలీ, దించి సర్దడం కలిపి రూ. 300. ఒక వాల్వు ఏడాదంతా షెల్ఫులో ఉంటే 18 శాతం చొప్పున రూ. 36. రెండుని 1,200తో, మళ్ళీ 300తో గుణించి 36తో భాగిస్తే 20,000 వస్తుంది. దాని వర్గమూలం సుమారు 141. అంటే ఒక్కోసారి 141 తెప్పించాలి.

వాల్వులు 50 ఉన్న పెట్టెల్లో వస్తాయి, 141 ఎవరూ పంపరు. మరి 150 తెప్పిస్తే? ఏడాదికి 8 ఆర్డర్లు, రవాణా రూ. 2,400, సగటున 75 వాల్వులు షెల్ఫులో ఉంటాయి, వాటి వడ్డీ రూ. 2,700, మొత్తం రూ. 5,100. సరిగ్గా 141 తెప్పించినా ఖర్చు రూ. 5,090 దాకా అవుతుంది. తేడా పది రూపాయలు. ఇంకా చూడండి, 100 తెప్పించినా రూ. 5,400, 200 తెప్పించినా రూ. 5,400. అంటే సూత్రం చెప్పిన అంకెకి అటూ ఇటూ దాదాపు మూడో వంతు జరిగినా నష్టం ఆరు శాతం దగ్గరే. ఈ గుణం నాకు చాలా నచ్చింది. మన ఖర్చుల అంచనా కొంచెం తప్పినా ఈ లెక్క మనల్ని ముంచదు. పెట్టె లెక్కకి సర్దుకోవచ్చు, ఒకే ఆటోలో నాలుగు సరుకులు కలిపి తెప్పించుకోవచ్చు. చిన్న వ్యాపారికి కావలసింది ఇలాంటి లెక్కే. సర్వీసు కూడా జాబితాలో ఒక్క అంకె కాకుండా "100 నుంచి 200 వరకు" అని ఇస్తుంది. ఆర్డరు పెట్టేటప్పుడు టెన్షన్ ఉండదు.

ఎంత తెప్పించాలన్న దానికన్నా ఎప్పుడు చెప్పాలన్నదే కష్టమైన ప్రశ్న. ఈ సర్వీసు నాకు కొత్తగా చూపించింది కూడా అక్కడే. మా బాల్ వాల్వు రోజుకి సగటున 4 పోతాయి. ఒకరోజు ఒకటి, ఒకరోజు ఏడు. సగటుకి అటూ ఇటూ మామూలుగా ఉండే ఆ హెచ్చుతగ్గు (స్టాండర్డ్ డీవియేషన్) సుమారు 2. డీలరుకి చెప్పాక సరుకు రావడానికి సగటున 9 పనిరోజులు. ఆ 9 రోజుల్లో 36 పోతాయి కాబట్టి 36 మిగిలినప్పుడు ఆర్డరు పెట్టడం చాలదు, పైన కొంత ఉండాలి. ఆ "కొంత" ఎంత? అమ్మకాల హెచ్చుతగ్గు మాత్రమే చూస్తే, 95 శాతం భరోసాకి 10 వాల్వులు చాలు. వందసార్లు ఆర్డరు పెడితే 95 సార్లు కొత్త సరుకు వచ్చేదాకా షెల్ఫు ఖాళీ కాకూడదని దీని అర్థం. 46 మిగిలినప్పుడు ఆర్డరు పెట్టాలి.

అయితే మా డీలరు ఒకసారి 5 రోజుల్లో పంపుతారు, ఒకసారి 14 రోజులు పడుతుంది. ఆ హెచ్చుతగ్గు 3 రోజులు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే అదనంగా ఉంచాల్సినవి 10 కాదు, 22. ఆర్డరు పెట్టాల్సిన మట్టం 58 అవుతుంది. అంటే మేం గోడౌనులో అదనంగా దాచుకునే సరుకులో సగానికి పైగా మా కస్టమర్ల కోసం కాదు, డీలరు ఆలస్యం కోసం. ఇన్నాళ్ళూ గిరాకీ చెప్పలేం అనుకుంటూ వచ్చాం. అసలు గిరాకీ చాలావరకు నిలకడగానే ఉంది, నిలకడ లేనిది సప్లయ్.

ఆ కాగితం పట్టుకుని ఆ డీలరుతో మాట్లాడాను. మార్పు రాలేదు. ఇంకో డీలరు రూపాయి ఎక్కువ చెప్పారు గానీ, దాదాపు ప్రతిసారీ 8 నుంచి 10 రోజుల మధ్యలో పంపుతారు. హెచ్చుతగ్గు 3 రోజుల నుంచి 1కి వస్తే అదనపు సరుకు 22 నుంచి 12కి దిగుతుంది. మామయ్యగారు మొదట ఒప్పుకోలేదు. "రూపాయి ఎక్కువ పెట్టి కొనడం ఏ లెక్కమ్మా?" అన్నారు. ఒక్క వాల్వుకే చూస్తే ఆయన మాటే సరి: 1,200 వాల్వులకి రూ. 1,200 ఎక్కువ, తగ్గిన పది వాల్వుల మీద వడ్డీ రూ. 360 మాత్రమే మిగులుతుంది. కానీ ఆ కొత్త డీలరు దగ్గర మేం తీసుకునేవి కొళాయిలు, షవర్లు, కనెక్షన్ పైపులు కూడా. వాటి మీద ధర తేడా లేదు, నిలకడ మాత్రం అన్నిటికీ వచ్చింది. అన్నీ కలిపి చూపించాక ఆయనే ఆ కొత్త డీలరుకి ఫోన్ చేశారు. ఈ రకం కలిపి చూసే పట్టిక సర్వీసు తనంతట తను ఇవ్వలేదు, నేను అడిగి చేయించుకున్నాను. ఇది ముందే ఉండాల్సింది.

భరోసా శాతం కూడా ఆలోచించి పెట్టుకోవాలి. 95 నుంచి 99కి పెంచితే అదే వాల్వుకి, పాత డీలరు దగ్గరే అయితే, అదనపు సరుకు 22 నుంచి 31కి పోతుంది. చివరి నాలుగు శాతం కోసం ఇంకో తొమ్మిది. సర్వీసు వాళ్ళు ఖరీదైన సరుకుకి ఎక్కువ భరోసా, చౌక సరుకుకి తక్కువ పెట్టారు. మా షాపుకి అది పూర్తిగా తలకిందులు. ప్లంబరు చేతిలో చీటీ పట్టుకుని వస్తాడు. పైపులు, వాల్వులు, ఫిట్టింగులు అన్నీ కలిపి ఐదారు వేల రూపాయల సరుకు. అందులో సాల్వెంట్ డబ్బా గానీ టెఫ్లాన్ టేపు గానీ లేదంటే, చీటీ మొత్తం తీసుకుని పక్క షాపుకి వెళ్ళిపోతాడు. ఇరవై రూపాయల సరుకు లేకపోతే పోయేది ఇరవై కాదు. లెక్క ఒక్కో సరుకునీ విడివిడిగా చూస్తుంది కాబట్టి ఈ సంగతి దానికి తెలియదు. చెప్పాక "చీటీ సరుకు" అని వేరే గుర్తు పెట్టి, వాటన్నిటికీ 99 చేశారు. విన్నారు, మార్చారు. అది మంచి గుణం.

కొనే ముందు ఏ సర్వీసునైనా తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సరుకు లేని రోజుల్ని మీరు ఎలా లెక్కపెడతారు? నెలలో 30 రోజుల్లో 40 కొళాయిలు అమ్మాం అనుకోండి. అందులో పది రోజులు షెల్ఫు ఖాళీ. 40ని 30తో భాగిస్తే రోజుకి ఒకటింపావుకి కొంచెం ఎక్కువ. నిజానికి సరుకు ఉన్నది 20 రోజులే, అంటే రోజుకి 2. మొదటి అంకె నమ్మితే తక్కువ తెప్పిస్తాం, ఇంకా త్వరగా అయిపోతుంది, వచ్చే నెల లెక్క ఇంకా తక్కువ చూపిస్తుంది. అలా మంచి సరుకు కూడా జాబితాలోంచి జారిపోతుంది. వీళ్ళు ఖాళీ రోజుల్ని తీసేసి సగటు కడతారు, ఆ మాట విన్నాకే నేను డబ్బు కట్టాను. దానితో పాటు మేం కౌంటర్లో ఒక నోటు పుస్తకం పెట్టాం. కస్టమరు అడిగి, మన దగ్గర లేక వెళ్ళిపోయినదంతా అందులో రాస్తాం. బిల్లు పడని గిరాకీ ఏ సాఫ్ట్‌వేరుకీ కనిపించదు. ఆ పుస్తకంలోని పేజీలు ప్రతి వారం ఫోటో తీసి పంపిస్తే వాళ్ళు లెక్కలో కలుపుతున్నారు.

పండుగల విషయంలో మొదట బాగా తడబడ్డారు. మా ఊళ్ళో దసరాకి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు ఇళ్ళకి రంగులు వేయిస్తారు. డిస్టెంపరు, ప్రైమరు, పుట్టీ, బ్రష్షులు, ఎమరీ పేపరు అన్నీ ఆ వారాల్లోనే పోతాయి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను. అది 2023లో అక్టోబరు 31న, 2024లో అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న వచ్చింది. 2023లో అధిక శ్రావణం రావడం వల్ల ఆ తర్వాతి పండుగలు ఆలస్యంగా వచ్చాయి. ఇంగ్లీషు నెలల ప్రకారం "అక్టోబరులో పెయింట్లు ఇంత" అని సగటు కడితే ఒక ఏడాది పండుగ అయిపోయాక సరుకు దిగుతుంది. రంగుల అమ్మకం 2023లో అక్టోబరు నెలంతా సాగితే, 2025లో ఎక్కువ భాగం సెప్టెంబరులోనే అయిపోయింది. గృహప్రవేశాలు కూడా అంతే. ఆషాఢంలో ఉండవు, మూఢంలో ఉండవు, అధిక మాసంలో ఉండవు. అవి లేని నెలలో తాళాలు, మడత బందులు, బాత్రూం ఫిట్టింగులు కదలవు. పంచాంగం ప్రకారం తేదీలు నేనే రాసిచ్చాను. సిరిమానుకి ఎన్ని వారాల ముందు, సంక్రాంతికి ఎన్ని వారాల ముందు అని లెక్క మార్చాక పెయింట్ల అంచనా చక్కగా కుదిరింది. ఉత్తరాంధ్రలో వ్యాపారం చేసే సర్వీసు ఇది మొదటి రోజే అడగాలి. సంక్రాంతి ఒక్కటే తేదీ పెద్దగా మారని పండుగ, దానికి మాత్రం వాళ్ళ లెక్క మొదటి నుంచీ సరిగ్గా ఉంది.

బాగా నెమ్మదిగా కదిలే సరుకు గురించి రెండు మాటలు. ఏడాదికి మూడో నాలుగో పోయే రెండంగుళాల గేట్ వాల్వు లాంటివాటికి సగటు కడితే అర్థం లేని దశాంశాలు వస్తాయి. అమ్మకానికీ అమ్మకానికీ మధ్య ఎడం ఎంత, అమ్మినప్పుడు ఎన్ని పోతాయి అని రెండుగా విడదీసి చూసే పద్ధతిని 1972లో క్రోస్టన్ అనే ఆయన చెప్పాడు, వీళ్ళు అదే వాడుతున్నారు. ఫలితం మామూలుగా ఉంది. వీటికి నేను ఒకటి మించి ఉంచడం లేదు, అంతే.

ఇక టార్పాలిన్లు. వరి కోత రోజులు, తుపానులు వచ్చే కాలం ఒకటే కావడం మన జిల్లాల దురదృష్టం. గజపతినగరం వైపు నుంచి, నెల్లిమర్ల వైపు నుంచి రైతులు కళ్ళంలో ధాన్యం కప్పుకోవడానికి బరకాలు కొనడానికి వస్తారు. మాకు రూ. 900 పడేది రూ. 1,200కి అమ్ముతాం. అమ్మకపోతే వచ్చే ఏడాదిదాకా ఉంచాలి. వడ్డీ, ఎలుకలు కొరికినవి, మడతల్లో చిరిగినవి కలుపుకుంటే ఒక్కోదానికి రూ. 150 నష్టం అని మా అంచనా. ఒకటి తక్కువైతే పోయేది రూ. 300, ఒకటి మిగిలితే పోయేది రూ. 150. 300ని, రెండూ కలిపిన 450తో భాగిస్తే మూడింట రెండు వంతులు. అంటే మూడు సీజన్లు వస్తే రెండు సీజన్లకి సరిపోయేంత సరుకు తెప్పించాలి, మూడోసారి తక్కువ పడ్డా ఫరవాలేదు. దీన్ని పేపర్లు అమ్మేవాళ్ళ లెక్క అంటారు, ఇవాళ్టి పేపరు రేపు పనికిరాదు కాబట్టి. ఇదే ఆలోచనతో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త 1888లోనే బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలో లెక్కగట్టాడు. అందంగా ఉంది, అర్థమయ్యేలా ఉంది.

నేను దీన్ని యథాతథంగా ఒప్పుకోలేదు. రూ. 300 నాకు పోయే లాభం. ఆకాశం మబ్బు పట్టినప్పుడు బరకం దొరకని రైతుకి పోయేది పంట. అందుకే 300 బదులు 1,350 వేసి లెక్క కట్టమన్నాను. అప్పుడు పది సీజన్లలో తొమ్మిదింటికి సరిపోయే సరుకు చూపించింది. ఎక్కువ తెప్పించాం. కొన్ని మిగిలాయి కూడా, ఈ ఏడాదికి ఉంచాం. లెక్కలో ఏ అంకె వేయాలో నిర్ణయించేది మనమే అన్న స్వేచ్ఛ ఈ సర్వీసు ఇస్తుంది, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

రేట్ల భాగంలో ఆ స్వేచ్ఛ లేదు. అక్కడే నాకు వాళ్ళతో పేచీ వచ్చింది.

రేటు లెక్కకి మూలం ఒకటే: రేటు ఒక శాతం తగ్గిస్తే అమ్మకం ఎన్ని శాతం పెరుగుతుంది? మా పాత బిల్లులు చూసి వాళ్ళ మోడల్ చెప్పిందేమిటంటే, సీపీవీసీ పైపుల మీద రేటు ఎనిమిది శాతం తగ్గిస్తే అమ్మకం రెండింతలు అవుతుందని. వినడానికి బాగుంది. కానీ మా బిల్లుల్లో తక్కువ రేటు ఎవరికి పడుతుంది? కంట్రాక్టరుకి, పెద్ద మేస్త్రికి. వాళ్ళు ఒకేసారి యాభై పైపులు తీసుకుంటారు కాబట్టి రేటు తగ్గిస్తాం. ఇంట్లో పైపు పగిలి ఒక్కటి కొనడానికి వచ్చినవాళ్ళకి మామూలు రేటు. బిల్లులు మాత్రమే చూసేవాళ్ళకి తక్కువ రేటు ఉన్నచోటల్లా ఎక్కువ సరుకు కనిపిస్తుంది. రేటు తగ్గింది కాబట్టి ఎక్కువ కొనలేదు, ఎక్కువ కొన్నారు కాబట్టి రేటు తగ్గింది. కారణం, ఫలితం తారుమారయ్యాయి. ఈ మాట చెప్పాక కంట్రాక్టర్ల బిల్లులు వేరుచేసి మళ్ళీ కట్టారు. రెండింతలు అన్నది దాదాపు మాయమైపోయింది. ఆ మొదటి సలహా ప్రకారం అన్ని పైపుల మీదా ఎనిమిది శాతం తగ్గించి ఉంటే, అసలే సన్నగా ఉండే మార్జిన్ పూర్తిగా పోయేది. గణితం తప్పు కాదు. దానికి ఇచ్చిన బిల్లులకి మా కౌంటర్లో జరిగే బేరం తెలియదు. కానీ షాపులకి రేట్లు చెప్పే సర్వీసుకి బేరం సంగతి ముందే తెలిసి ఉండాలి. ఇది చిన్న లోపం అనుకోను.

ఎమ్మార్పీ ఉన్న ప్యాకింగు సరుకు మీద పైకి వెళ్ళడానికి చట్టం ఒప్పుకోదు, కిందికే వెళ్ళగలం. సిమెంటు, పెద్ద కంపెనీల పెయింట్ల రేటు ఊరంతటికీ తెలుసు. పది రూపాయలు ఎక్కువ చెప్పినా మనిషి మెట్లు దిగిపోతాడు. స్క్రూలు, గోడ ప్లగ్గులు, గొళ్ళాల రేటు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ మూడు రకాలకీ ఒకే పద్ధతిలో లెక్క కడితే ఎలా? పైగా పెయింటరుకి ఇచ్చే కమీషను, ఖాతా మీద మూడు నెలలకి వచ్చే డబ్బు, ఇవేవీ బిల్లు రేటులో కనిపించవు. రూ. 250కి నగదు ఇచ్చినవాడూ, అదే రూ. 250 సంక్రాంతి దాటాక ఇచ్చేవాడూ లెక్కకి ఒకటే. నిల్వనీ ధరనీ కలిపి నిర్ణయించాలని 1955లో విటిన్ అనే ఆర్థికవేత్త రాసినప్పటి నుంచి ఈ రంగంలో ఎంతో పని జరిగింది. విమాన సీట్లు, హోటల్ గదులు అమ్మేవాళ్ళకి అది పనికొచ్చింది, అక్కడ రేటు మార్చి చూడడం సులువు, ప్రతి మార్పూ రికార్డవుతుంది. మా వీధిలో అలా కాదు. ఒకే మేస్త్రికి ఉదయం ఒక రేటు, సాయంత్రం ఒక రేటు చెబితే మళ్ళీ రాడు.

అసలు నేను రేటు భాగం ఆపించడానికి కారణం ఒక వారం జాబితా. తుపాను హెచ్చరిక ఉన్న వారం అది. టార్పాలిన్లు, తాళ్ళు, టార్చిలైట్ల మీద గిరాకీ పెరుగుతోంది, స్టాకు తగ్గుతోంది కాబట్టి రేటు పెంచమని వచ్చింది. లెక్క ప్రకారం అది సరైన సలహాయే. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. మామయ్యగారు తాళ్ళు, మేకులు, రేకుల స్క్రూలు పాత రేటుకే ఇచ్చారు. ఒక్కొక్కరికి ఇన్నే అని పరిమితి పెట్టారు, అందరికీ అందాలని. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళకీ అలాగే ఇచ్చారు. ఆనాడు కొన్నవాళ్ళు ఇవాళ్టికీ ఇల్లు కట్టుకుంటే మా దగ్గరికే వస్తున్నారు. ఒక వారం టార్పాలిన్ లాభాన్ని మాత్రమే చూసే మోడల్‌కి ఇది అంకెగా కనిపించదు. కనిపించినా కనిపించకపోయినా, ఇల్లు ఎగిరిపోతుందని భయపడే మనిషి దగ్గర ఎక్కువ తీసుకోవడం మా షాపు పని కాదు.

ఆ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు వాళ్ళు వాదించలేదు. తుపాను సరుకు మీద రేటు పెరగకుండా తాళం వేశారు, దాని బదులు హెచ్చరిక రాగానే ఒక్కో బిల్లుకి ఎన్ని ఇవ్వాలో పరిమితి లెక్కగట్టి ఇస్తామన్నారు. అది మామయ్యగారు చేతితో చేసిన పనే. ఆ మార్పు నాకు చాలా సంతోషం కలిగించింది. ఆ తాళం ప్రతి షాపుకీ మొదటి నుంచే వేసి ఉండాలని అడిగాను, ఇంకా చేయలేదు.

చిన్న చిన్న విషయాలు కొన్ని. జాబితా మొదట ఇంగ్లీషులో వచ్చేది, గుమాస్తా చదవలేకపోయేవాడు. ఇప్పుడు సరుకు పేర్లు మేం పిలిచే పేర్లతోనే, తెలుగులో వస్తున్నాయి. వాట్సాప్‌లోనే పంపుతారు, వేరే యాప్ తెరవక్కర్లేదు. సోమవారం ఉదయం రావాల్సిన జాబితా అప్పుడప్పుడు మధ్యాహ్నం దాటాక వస్తోంది, అప్పటికి డీలర్ల ఆర్డరు సమయం అయిపోతుంది. ఇది సరిచేసుకోవాలి. ఫోను ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు.

ఎవరికి పనికొస్తుంది? వందల్లో రకాలు ఉండి, కనీసం రెండేళ్ళ బిల్లులు కంప్యూటర్లో ఉన్న షాపుకి. మందుల షాపు, ఆటో స్పేర్ పార్టులు, ఎలక్ట్రికల్, స్టేషనరీ వాళ్ళకి కచ్చితంగా. కూరగాయలు, పువ్వులు అమ్మేవాళ్ళకి వారానికోసారి వచ్చే జాబితా వల్ల లాభం లేదు. బిల్లు లేకుండా సగం సరుకు పోయే షాపు అయితే డబ్బు కట్టే ముందు ఆ అలవాటు మార్చుకోవాలి, లేకపోతే లెక్కకి సగమే కనిపిస్తుంది.

ఈ ఏడాదికి స్టాకు భాగం మాత్రమే కొనసాగిస్తున్నాం. నెలకి రూ. 1,800కి ఒప్పుకున్నారు. కాగితం మీద రెండు షరతులు రాయించుకున్నాను. మా అమ్మకాల వివరాలు ఊళ్ళో ఇంకో హార్డ్‌వేర్ షాపు లెక్కలో వాడకూడదు. మేం మానేసిన రోజున డేటా మొత్తం మాకు ఎక్సెల్ ఫైలుగా ఇచ్చి, వాళ్ళ దగ్గర తీసేయాలి. సంతకం పెట్టే ముందు మీరూ ఇవి అడగండి.